డీజిల్ వెర్నాకు పెట్రోల్ టార్క్ కన్వర్టర్ పెట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది 2013 వెర్నా 1.6 డీజిల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. గేర్‌బాక్సు కాలిపోయింది. చెన్నై పుదుపేట పాత సామాను మార్కెట్లో అలాంటి డీజిల్ బండి నుంచే విప్పిన గేర్‌బాక్సు దొరికింది గాని దానితో టార్క్ కన్వర్టర్ (ఇంజను తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే గుండ్రటి డబ్బా) రాలేదు. దుకాణదారు పెట్రోల్ వెర్నా కన్వర్టర్ ఒకటి తీసి చూపించి, రెండూ ఒకటేనని, తెచ్చి బిగించుకోవడమేనని అన్నాడు. మీ పాత కన్వర్టర్ ఉంది, కానీ అది కాలిన బాక్సుది కాబట్టి వాడాలంటే భయం. అమెరికా వీడియోల్లో ఒక గేర్‌బాక్సు కన్వర్టర్ ఇంకోదానికి పెట్టేస్తున్నారు కదా, మనకెందుకు కుదరదని అడిగారు. అన్ని పనులూ అయ్యేలోపు బండిని మెల్లగా నడుపుకోవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే: ఆ పెట్రోల్ కన్వర్టర్ వద్దు. చక్కగా లోపలికి దిగి కూర్చున్నా వద్దు. మీ పాత డీజిల్ కన్వర్టర్‌ను కోయించి, లోపలి భాగాలు మార్పించి, మళ్లీ వెల్డింగు, బ్యాలెన్సింగు చేయించి కొత్త బాక్సుకు పెట్టండి. అది బాగుచేయడానికి వీలులేనంతగా దెబ్బతిని ఉంటే, అదే పార్టు నంబరున్న డీజిల్ కన్వర్టర్ కోసం వెతకండి. పాతదాన్ని పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగేసి మాత్రం పెట్టకండి. అలా కడిగి పెట్టిన బండ్లు మళ్లీ మా షెడ్డుకే వస్తుంటాయి.

నేను అంబత్తూరు వైపు ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పని మాత్రమే చేస్తాను. ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంటుంది కనుక కారణాలు కాస్త వివరంగానే రాస్తాను.

‘సరిపోతుంది’ అన్న మాటను మూడు విడి ప్రశ్నలుగా చూడాలి. కన్వర్టర్ వెనుక వైపు గేర్‌బాక్సుతో కలవాలి. ముందు వైపు ఇంజనుతో కలవాలి. ఈ రెండూ కొలతల వ్యవహారం, వర్నియర్ కాలిపర్ ఉంటే తేలిపోతుంది. మూడోది, లోపలి రెక్కలు మీ ఇంజను బలానికి తగినట్టు ఉండాలి. దీన్ని బయటి నుంచి ఏ కాలిపరూ చూపించదు. దుకాణదారు చెప్పే ‘సెట్ అవుతుంది’ మొదటి రెండింటికి మాత్రమే వర్తిస్తుంది. అతను అబద్ధం చెబుతున్నాడని కాదు, అతని పని అంతవరకే.

మూడోదానితోనే మొదలుపెడతాను. మీ విషయంలో అసలు చిక్కు అదే.

మీ డీజిల్ ఇంజను గరిష్ఠ టార్కు (తిప్పే బలం) సుమారు 260 న్యూటన్ మీటర్లు. అదీ 1,900 నుంచి 2,750 ఆర్‌పీఎం మధ్యలోనే వచ్చేస్తుంది. అదే కాలపు 1.6 పెట్రోల్ ఇంజనుది సుమారు 155, పైగా అది 4,000 దాటాక గాని రాదు. బండి ఒకటే, పేరు ఒకటే, ఇంజన్ల స్వభావాలు పూర్తిగా వేరు.

బ్రేకు గట్టిగా తొక్కి, గేరును డీ (డ్రైవ్)లో ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఇంజను ఎక్కడివరకు లేచి ఆగుతుందో దాన్ని స్టాల్ స్పీడు అంటారు. ఒకే కన్వర్టర్‌ను రెండు ఇంజన్లకు పెడితే ఈ స్టాల్ స్పీడు టార్కు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 260ని 155తో భాగించి వర్గమూలం తీయండి, దాదాపు 1.3 వస్తుంది. అంటే పెట్రోల్ ఇంజను వెనుక 2,500 దగ్గర ఆగే కన్వర్టర్ మీ డీజిల్ వెనుక 3,200 దాకా పోవాలని చూస్తుంది. ఇది లెక్క తెలియడానికి తీసుకున్న అంకె, మీ బండి కంపెనీ కొలత కాదు. పైగా ఇంజను టార్కు అన్ని వేగాల్లోనూ ఒకేలా ఉండదు కనుక అసలు అంకె కొంత అటూఇటూ అవుతుంది. దిశ మాత్రం మారదు. మీ ఇంజను బలమంతా 2,750లోపే ఉంటే, ఆ కన్వర్టర్ బలం తగ్గిపోయే చోటికి ఇంజనును ఎగదోస్తుంది. బండి అరుస్తుంది, కదలిక మాత్రం నెమ్మదిగా ఉంటుంది. డీజిల్ ఖర్చు పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఆయిల్ వేడెక్కుతుంది.

ఆ వేడి ఎంతో చాలామంది ఊహించరు. బండి కదలకుండా, ఇంజను 2,500 ఆర్‌పీఎం దగ్గర 260 న్యూటన్ మీటర్లు ఇస్తున్నప్పుడు పుట్టే శక్తి 68 కిలోవాట్లు. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు 34 కలిపి ఒకేసారి పెట్టినంత. బండి కదలడం లేదు కనుక ఆ శక్తంతా కన్వర్టర్‌లోని కొద్దిపాటి ఆయిల్‌లోకే వేడిగా దిగుతుంది. స్టాల్ టెస్టు అయిదు సెకన్లకు మించి చేయవద్దని మెకానిక్కులు మొత్తుకునేది ఇందుకే. ట్రాఫిక్‌లో మీరు యాక్సిలరేటర్ అంత తొక్కరు, నిజమే. కానీ జారుడు ఎక్కువగా ఉండే కన్వర్టర్‌తో మే నెలలో కత్తిపారా నుంచి గిండీ దాకా పాకుతూ వెళితే, కొద్దికొద్దిగా అయినా అదే జరుగుతుంది. ఆయిల్ నల్లబడుతుంది, సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్లు కాలతాయి. కొత్తగా పెట్టిన బాక్సు కూడా పాతదాని దారే పడుతుంది.

దీనికి తిరగబడిన తప్పు కూడా చేస్తుంటారు, పెట్రోల్ బండికి డీజిల్ కన్వర్టర్ పెడతారు. అప్పుడు స్టాల్ స్పీడు దాదాపు నాలుగో వంతు పడిపోతుంది. సిగ్నల్ దగ్గర డీలో ఉంచితే ఇంజను వణుకుతుంది, ఏసీ వేస్తే ఆగిపోయేలా ఉంటుంది, బయలుదేరేటప్పుడు బండికి ప్రాణం లేనట్టు ఉంటుంది. యజమాని ఇంజెక్టర్లు, థ్రాటిల్, మౌంటింగులు అన్నీ మార్పించి అలసిపోయాక మా దగ్గరికి వస్తాడు. అలా వచ్చిన ఒక బండికి ఇంజను మౌంటింగులు అంతకుముందే రెండు విడతలు మార్చేశారు. గేర్‌బాక్సు మార్చిన తరువాతే వణుకు మొదలైందని ఆ యజమాని చెబుతూనే ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు.

వ్యాసం విషయంలోనూ జాగ్రత్త. కన్వర్టర్ మోసే టార్కు దాని వ్యాసం అయిదో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మిగతావన్నీ ఒకేలా ఉండి వ్యాసం పది శాతం పెరిగితే, మోసే టార్కు 60 శాతం పెరుగుతుంది. కంటికి కాస్త పెద్దగా కనిపించే కన్వర్టర్ నడకలో పూర్తిగా వేరే వస్తువు. అలాగని వ్యాసం సమానంగా ఉంటే చాలనుకోకండి. ఒకే వ్యాసంలో రెక్కల కోణం, స్టేటర్ (ఆయిల్ ప్రవాహాన్ని మళ్లించే మధ్య రెక్కల చక్రం) మార్చి వేర్వేరు స్టాల్ స్పీడ్లు తెస్తారు. ఆ తేడా లోపల ఉంటుంది, బయట డబ్బా మాత్రం ఒకేలా కనిపిస్తుంది.

ఇప్పుడు కొలతలు. వెనుక వైపు, అంటే గేర్‌బాక్సు వైపు, మూడు వస్తువులు ఒకదానిలో ఒకటి దూరతాయి. ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్లు (పొడవాటి గాట్లు) టర్బైన్‌లోకి, అంటే గేర్‌బాక్సును తిప్పే రెక్కల చక్రంలోకి, కదలకుండా నిలిచి ఉండే గొట్టం మీది స్ప్లైన్లు స్టేటర్‌లోకి, కన్వర్టర్ మూతి ఆయిల్ పంపులోకి. ఈ మూడింటినీ విడివిడిగా లెక్కపెట్టండి, కొలవండి. స్ప్లైన్ల సంఖ్య ఒక్కటే చూసి ఊరుకునేవారు ఉన్నారు. మూతి బయటి వ్యాసం, దాని గాట్లు, అది పంపులోకి ఎంత లోతు దిగుతుంది అన్నవి కూడా అంతే ముఖ్యం. మూతి పొట్టిగా ఉంటే పంపు అంచుల్ని మాత్రమే పట్టుకుని తిప్పుతుంది. కొన్నాళ్లు నడుస్తుంది, ఆ తరువాత పట్టు తప్పుతుంది.

ముందు వైపు, అంటే ఇంజను వైపు, ఫ్లెక్స్ ప్లేటుకు (క్రాంక్ షాఫ్టుకు బిగించి ఉండే పలుచని చక్రానికి) బిగించే బోల్టుల సంఖ్య, అవి ఉండే వలయం వ్యాసం, మర సైజు చూడాలి. మధ్యలో ఉండే చిన్న ముక్కు క్రాంక్ షాఫ్టు రంధ్రంలో వదులు లేకుండా కూర్చోవాలి. ఆ ముక్కు వదులుగా ఉంటే కన్వర్టర్ మధ్యరేఖ తప్పి తిరుగుతుంది, ముందు ఆయిల్ సీలు కారుతుంది, పంపు బుష్షు అరుగుతుంది. సీలు కారుతోందని సీలు మాత్రమే మార్చి, నెల తిరగకముందే మళ్లీ కారి, మళ్లీ మార్చిన బండ్లలో చాలాసార్లు అసలు కారణం ఈ ముక్కే.

బోల్టుల గురించి ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చెప్పరు. కన్వర్టర్ బోల్టు ఒకటి పోయిందని డబ్బాలో అదే మర ఉన్న ఇంకో బోల్టు తీసి బిగిస్తారు. అది కొద్దిగా పొడవైనా, కొన కన్వర్టర్ ముందు రేకును లోపలికి నొక్కి బుడిపె లేపుతుంది. ఆ రేకు లోపలి వైపే లాకప్ క్లచ్ (దీని సంగతి కింద చెబుతాను) రాసుకునే ముఖం. బుడిపె లేచిన చోట క్లచ్ సరిగా పట్టదు, పొర కాలిపోతుంది. చేతిలో ఉన్న చిన్న బోల్టు వల్ల మొత్తం కన్వర్టర్ మళ్లీ కోయాల్సి వస్తుంది. పాత బోల్టులు విప్పగానే ఒక సంచిలో వేసి పేరు రాసి పెట్టించండి.

లాకప్ సంగతి. ఈ రోజుల్లో దాదాపు అన్ని ఆటోమేటిక్‌లలో కన్వర్టర్ లోపల ఒక క్లచ్ ఉంటుంది. వేగం నిలకడగా ఉన్నప్పుడు అది పట్టుకుని జారుడు లేకుండా చేస్తుంది. కొన్ని బాక్సుల్లో ఇది పూర్తిగా పట్టడం లేదా పూర్తిగా వదలడం, రెండే. కొన్నింటిలో కంప్యూటర్ దాన్ని కావాలనే కొద్దిగా జారనిస్తూ నడుపుతుంది. ఈ రెండో రకానికి క్లచ్ పొర పదార్థమే వేరు. పొర తప్పు రకం వేస్తే బండి నిలకడ వేగంలో గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు అదురుతుంది. మీ బండి కంప్యూటర్ మీ డీజిల్ కన్వర్టర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసిన లెక్కతో నడుస్తుంది. కన్వర్టర్ మారితే జారుడు అంచనాలు తప్పుతాయి. అప్పుడు పీ0741 అనే కోడు వస్తుంది. లాకప్ పట్టాల్సినప్పుడు పట్టడం లేదని దాని అర్థం. పీ0740 వస్తే వైరింగో, సాలినాయిడో (లాకప్‌ను నడిపే కరెంటు వాల్వు) చూడాలి, పీ0742 అయితే లాకప్ వదలకుండా పట్టుకుపోయింది. మూడూ పక్కపక్క అంకెలే గాని మూడింటికీ విప్పే చోటు వేరు. స్కానర్‌లో కోడు పూర్తిగా చదవకుండా ‘కన్వర్టర్ కోడు వచ్చింది’ అని చెప్పే మెకానిక్కుకు డబ్బు ఇవ్వకండి.

ఇక అమెరికా వీడియోల సంగతి. అక్కడ కుదిరేది అదృష్టం వల్ల కాదు. జనరల్ మోటార్స్ టీహెచ్350, టీహెచ్400 గేర్‌బాక్సుల కన్వర్టర్లు ఒకదానికొకటి సరిపోయేలా ఉంటాయి. వాటిలోనూ 1960ల మధ్యలో వచ్చిన, స్టేటర్ రెక్కల కోణం మారే టీహెచ్400 రకం మినహాయింపు. దశాబ్దాలుగా అవే బాక్సులు లక్షల బండ్లలో తిరగడంతో ఏది దేనికి సరిపోతుందో అక్కడ అందరికీ కంఠస్థం. స్టాల్ స్పీడును కోరుకున్నట్టు చేసి అమ్మే సంస్థలు ఉన్నాయి. అక్కడివాళ్లు ఎక్కువ స్టాల్ స్పీడు కోరుకునేది కూడా రేసింగు కోసం, దానికి తోడుగా పెద్ద ఆయిల్ కూలర్ పెడతారు. ఇన్ని ఉన్నా అక్కడా మోసపోతారు. అదే కంపెనీ 700ఆర్4 బాక్సుకు 1984 వరకు ఇన్‌పుట్ షాఫ్టు మీద 27 స్ప్లైన్లు, ఆ తరువాత 30. పేరు, డబ్బా ఒకటే, కన్వర్టర్ మాత్రం దూరదు. ఆ వీడియోలు చూడండి, పని తీరు బాగా చూపిస్తారు. మీ వెర్నాకు ఏది పెట్టాలో వాటినుంచి మాత్రం తేల్చుకోకండి.

మనకు ఉన్న ఆధారం పార్టు నంబరు. హ్యుందాయ్‌లో టార్క్ కన్వర్టర్ నంబరు 45100తో మొదలవుతుంది, టొయోటాలో 32000తో, హోండాలో 26000తో. ఆ మొదటి అంకెలు అది కన్వర్టర్ అని మాత్రమే చెబుతాయి. ఏ ఇంజనుకు, ఏ బాక్సుకు అన్నది తరువాతి అంకెల్లో ఉంటుంది. ‘45100 ఉంది కదా, సరిపోతుంది’ అన్నవాళ్లను చూశాను. మీ ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ స్పేర్ పార్టుల కౌంటర్‌లో అడిగితే పూర్తి నంబరు చెబుతారు. కొనకపోయినా అడగవచ్చు. ఆ నంబరు కాగితం మీద రాసుకుని, ఆ తరువాతే పుదుపేటకు, జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లండి. గేర్‌బాక్సు మీది రేకు కోడునూ మీ పాత బాక్సు కోడుతో సరిపోల్చండి. కొన్న బాక్సు డీజిల్‌దేనని దుకాణదారు చెప్పాడు, మంచిదే. రేకు కూడా ఆ మాటే చెబుతోందో లేదో చూడండి. పెట్రోల్ బాక్సు అయితే దాని క్లచ్‌లు 260 న్యూటన్ మీటర్ల కోసం చేసినవి కావు. అప్పుడు కన్వర్టర్ సంగతి పక్కన పెట్టి బాక్సునే తిరిగి ఇచ్చేయాలి.

పాత సామానులో కన్వర్టర్ కొనక తప్పని పరిస్థితి వస్తే ఏం చూడాలో చెబుతాను. పైన కొత్తగా రంగు కొట్టి ఉంటే అనుమానించండి, రంగు వేడికి నీలంగా మారిన మచ్చల్ని దాచేస్తుంది. కన్వర్టర్‌ను తలకిందులు చేసి ఒక తెల్లని పళ్లెంలో ఆయిల్ వంచండి. కొద్దిపాటి నల్లని మడ్డి ఉండవచ్చు. వెండిలా మెరిసే పొడి గనుక కనిపిస్తే లోపల లోహం లోహాన్ని తింటోంది. మూతి మీద గోరు పెట్టి గీయండి, గోరు ఆగే గాటు ఉంటే సీలు నిలవదు. లోపలి స్టేటర్‌ను వేలితోనో, స్ప్లైన్ల ముక్కతోనో తిప్పి చూడండి. ఒక వైపు సులభంగా తిరగాలి, రెండో వైపు గట్టిగా ఆగాలి. రెండు వైపులా తిరిగితే బయలుదేరేటప్పుడు బండిలో సత్తువ ఉండదు. రెండు వైపులా బిగుసుకుంటే హైవే మీద వేడెక్కి చస్తుంది.

చెన్నైలో మనకు అదనంగా ఒక బెడద ఉంది, వరద బండ్లు. 2015 డిసెంబరులో మునిగిన కార్లు, 2023లో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై వైపు మునిగిన కార్లు ముక్కలై పాత సామాను మార్కెట్లలోకి చేరాయి. గేర్‌బాక్సుకు గాలి ఆడే చిన్న గొట్టం ఉంటుంది, దాని మీద నీళ్లు నిలిస్తే లోపలికి దిగుతాయి. క్లచ్ పొరలు కాగితం జాతి పదార్థంతో చేసి జిగురుతో అతికించినవి. అవి నీళ్లు పీల్చుకుంటాయి, జిగురు వదిలేస్తుంది. అదృష్టం బాగోకపోతే పైకి తళతళలాడే బాక్సు, వెయ్యి కిలోమీటర్లు తిరగకముందే పొరలు రాలిపోయి ఫిల్టరు మూసేస్తుంది. ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే, బయటి బోల్టుల గుంటల్లో ఎండిన ఒండ్రు కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా వెనక్కి వచ్చేయండి. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ ఆయిల్‌లో కలిసినా ఇదే గులాబీ పాలు కనిపిస్తాయి, ఫలితమూ ఇదే.

మీ పాత కన్వర్టర్‌ను బాగుచేయించడం ఎందుకు మేలంటున్నానంటే, కొలతల ప్రశ్న, స్టాల్ ప్రశ్న రెండూ ఒక్క దెబ్బతో పోతాయి. అది మీ ఇంజను కోసమే పుట్టింది, కొన్న బాక్సు కూడా అదే కోడు అయితే దానికీ సరిపోతుంది. మిగిలేది లోపలి చెత్త, అరుగుదల. కాలిన బాక్సు నుంచి వచ్చిన పొడి కన్వర్టర్‌లో రెక్కల మధ్య, బేరింగుల్లో చేరి ఉంటుంది. మూసి ఉన్న డబ్బాను ఎంత కడిగినా అది పోదు, కొత్త ఆయిల్ పోశాక ఊడి కొత్త వాల్వుల్లోకి వెళుతుంది. అందుకే కోయాలి అంటున్నాను.

కోయడం అంటే ఏ లేతు షాపులోనైనా వెల్డింగు గీసి రెండు ముక్కలు చేయడం అనుకోకండి. చెన్నైలో లేతులకు కొదవ లేదు, పనివాళ్లకూ కొదవ లేదు. కానీ కోసి, కడిగి, మళ్లీ అతికించి ఇచ్చే షాపు వేరు, కన్వర్టర్ పని తెలిసిన షాపు వేరు. బాగుచేసేవారిని ఇవి అడగండి. లాకప్ క్లచ్ పొర కొత్తది వేస్తారా, నా బండి రకానికి తగిన పొర ఉందా? సూది బేరింగులు, లోపలి రబ్బరు సీళ్లు మారుస్తారా? స్టేటర్ క్లచ్ విప్పి చూస్తారా? అతికించాక గాలి ఒత్తిడితో లీకు పరీక్ష చేస్తారా? మూతి వంకర లేకుండా తిరుగుతోందో లేదో డయల్ గేజీతో చూస్తారా? బ్యాలెన్సింగు చేస్తారా? చివరి మూడింటికి తడబడితే అక్కడ ఇవ్వకండి. పాత ముక్కలు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి, ఏం మార్చారో దానితో తెలిసిపోతుంది.

బిగించేటప్పుడు మెకానిక్కు పక్కన నిలబడే ఓపిక ఉంటే ఒక్క విషయం చూడండి. కన్వర్టర్‌ను ముందు గేర్‌బాక్సులో కూర్చోబెట్టి, ఆ తరువాత ఇంజనుకు చేర్చాలి. లోపలికి నెడుతూ తిప్పుతుంటే ఒక్కో స్ప్లైను, చివర పంపు దొరికినప్పుడు మెల్లగా టక్కుమని ఇంకాస్త లోపలికి దిగుతుంది. పంపు దొరకకముందే సరిపోయిందనుకుని బెల్ హౌసింగు (గేర్‌బాక్సు ఇంజనుతో కలిసే గంట ఆకారపు తొడుగు) బోల్టులతో లాగి బిగిస్తే, అదంతా పంపు మీద పడి పంపు పగులుతుంది. స్టార్టు చేసిన మొదటి నిమిషంలోనే గేర్‌బాక్సు పోయిన బండ్లలో నేను చూసిన మొదటి కారణం ఇదే. మా దగ్గరికి వచ్చిన ఒక బండిలో బోల్టులు బిగించేవరకు ఇంజనుకు, బాక్సుకు మధ్య వేలు పట్టేంత సందు ఉందట, ‘బోల్టులతో దగ్గరికి లాగేశాం’ అని ఎంతో మామూలుగా చెప్పారు. సందు దానంతట అదే, చేతి బలంతో మూసుకోవాలి. మీ పాత బాక్సు దింపగానే, బెల్ హౌసింగు అంచు మీద ఒక నిటారు స్కేలు పెట్టి కన్వర్టర్ ఎంత లోతులో ఉందో కొలిపించండి. కొత్తదానిలోనూ అదే మిల్లీమీటర్లకు రావాలి. రెండూ చేర్చాక, బోల్టులు బిగించకముందు కన్వర్టర్ చేత్తో తిరగాలి, ఫ్లెక్స్ ప్లేటు వైపు కొద్ది మిల్లీమీటర్లు ముందుకు కదలాలి. కదలకపోతే ఆపేయండి.

కూలర్ గొట్టాలు మరచిపోవద్దు. పాత బాక్సు కాలినప్పుడు పొడి రేడియేటర్ లోపలి కూలర్‌లోకి కూడా వెళ్లింది. ఆయిల్ మామూలుగా వెళ్లే దిశకు ఎదురుగా కడిగించండి, బాగా మూసుకుపోయి ఉంటే కూలరే మార్చండి. కన్వర్టర్‌లో బిగించకముందే కొంత ఆయిల్ పోయాలి, పొడిగా మొదలుపెట్టకూడదు. ఆయిల్ ఎస్‌పీ-3 రకం, కొత్త ఆరు గేర్ల హ్యుందాయ్‌ల ఎస్‌పీ-4 కాదు. దుకాణంలో ‘కొత్తది ఇంకా మంచిది’ అంటారు, వినకండి. గేర్‌బాక్సు కంప్యూటర్ మీ పాతదే ఉంచి, అది నేర్చుకున్న విలువలు మాత్రం స్కానర్‌తో చెరిపించండి.

ఈ జవాబు చదివే ఇంకొందరు పూర్తిగా వేరే ఇంజను, వేరే గేర్‌బాక్సు కలపాలని చూస్తుంటారు కనుక రెండు మాటలు. పాత హోండా బీ, డీ రకం ఇంజన్లు మిగతావాటికి ఎదురు దిశలో తిరుగుతాయి. వాటి కన్వర్టర్ ఇంకో ఇంజనుకు కొలతల్లో సరిపోయినా రెక్కలు, స్టేటర్ తిరగబడినట్టే. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సునే యంత్రం మార్చే రకం) బండ్లలో టార్క్ కన్వర్టర్ అసలు ఉండదు, మామూలు క్లచ్చే ఉంటుంది. సీవీటీలలో (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకం) కొన్నింటికి ఉంటుంది. ఇంజను మార్చితే మాత్రం మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 కింద ముందుగా ఆర్‌టీఓ అనుమతి తీసుకోవాలి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర ఇబ్బంది పడతారు.

పని అయ్యాక పరీక్ష సులభం. బండి బాగా వేడెక్కాక, తెల్లవారుజామున ఓఎంఆర్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 80 దగ్గర నిలకడగా వెళ్లండి. యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకును దీపం వెలిగేంత మాత్రమే తాకండి. ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా లేచి, కాలు తీశాక మళ్లీ దిగితే లాకప్ పట్టడం, వదలడం సరిగా ఉన్నట్టే. వెనుక బండి లేనప్పుడే చేయండి.

చివరి ప్రశ్న, ఈలోగా మెల్లగా నడుపుకోవచ్చా? వద్దు. ఇప్పుడు రాలుతున్న ప్రతి పొడి రేణువూ మీరు బాగుచేయించబోయే కన్వర్టర్‌లోకే వెళుతోంది. షెడ్డుకు తీసుకెళ్లేటప్పుడు కూడా తాడు కట్టి లాగించకండి. మీది ముందు చక్రాలతో నడిచే బండి, ఇంజను ఆగి ఉంటే ఆయిల్ పంపు తిరగదు, లోపలి భాగాలు మాత్రం ఆయిల్ లేకుండా తిరుగుతాయి. ముందు చక్రాలు లేపి తీసుకెళ్లే బండి గాని, మొత్తం పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ గాని పిలిపించండి. ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ సాయం ఉందేమో ముందు చూసుకోండి, చాలా పాలసీల్లో అది ఉన్నా యజమానులకు గుర్తుండదు.